ఆగని ఇంజను, దిగని డ్రైవరు

వాగొడ్డు పురపాలక సంఘం వారి నీళ్ళ ఇంజను నలభై మూడేళ్ళుగా ఒక్క క్షణం ఆగకుండా నడుస్తోంది. చూసేవాళ్ళకు అది తుప్పుపట్టి, బిగుసుకుపోయి, కదలకుండా కనిపిస్తుందన్న మాట నిజమే. కానీ చూసేవాళ్ళెవరు? దారిన పోయేవాళ్ళు. రికార్డు తెరిచినవాళ్ళకు మాత్రం అది నడుస్తూనే ఉంది.

ఈ సంగతి మొన్న మార్చిలోగాని బయటపడలేదు. పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. "పాత యంత్రాల పునరుజ్జీవన పక్షోత్సవాలు" జరుగుతున్నాయనీ, ప్రతి పురపాలక సంఘమూ తన దగ్గరున్న ఒక పురాతన యంత్రాన్ని నడిచే స్థితికి తేవాలనీ, తేలేకపోతే దాన్ని తుక్కు కింద లారీ ఎక్కించాలనీ అందులో ఉంది. గడువు నెలన్నర.

పేరిందేవమ్మ ఆ కాగితాన్ని ఆఫీసు నోటీసు బోర్డు మీద చదివింది. ఆవిడకు డెబ్బై మూడేళ్ళు. బడి మొహం చూడలేదు. భర్త పోయాక అదే ఆఫీసులో అటెండరుగా చేరి, ఫైళ్ళు మోస్తూ మోస్తూ వాటి మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. రిటైరై పదమూడేళ్ళయినా ఏ కాగితం కనబడ్డా చివరిదాకా చదవందే వదలదు. అందులో తన గురించి ఏమైనా ఉందేమోనని భయం. పకోడీల పొట్లం విప్పినా, నూనె తుడిచి, చదివాకే పారేస్తుంది. ఇంకో భయం కూడా ఉంది. ఎవరినీ సాగనంపదు. చుట్టాలు బయల్దేరుతున్నారంటే పెరట్లోకి వెళ్ళి ఏదో ఒకటి తోముతూ కూచుంటుంది. ఒకరిని గుమ్మంలో నిలబడి సాగనంపాను, చాలు అంటుంది.

ఆ ఒకరు ఆవిడ భర్త, ఇంజను డ్రైవరు జోగినాథం. నలభై మూడేళ్ళ కిందటి వేసవిలో ఒకనాడు తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళాడు. ఐదూ పదికి ఇంజను స్టార్టు చేసి లాగ్ బుక్కులో రాశాడు. తొమ్మిదీ ఇరవైకి గుండె పట్టుకుని కూలబడ్డాడు. నలుగురూ ఇంటికి మోసుకొచ్చారు. ఆ హడావిడిలో ఇంజనును ఆపాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయన చాప మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంటే, రెండు వీధుల అవతలి నుంచి దబ్, దబ్ అని చప్పుడు వస్తూనే ఉంది. అది వినబడుతున్నంతసేపూ పేరిందేవమ్మకు ఆయన పనిలో ఉన్నట్టే అనిపించింది. సాయంత్రం దీపాలు పెట్టేవేళ ఆయిలు అయిపోయి చప్పుడు ఆగింది. ఆవిడ అప్పుడు ఏడ్చింది.

ఆ నెలలోనే కరెంటు మోటారు వచ్చింది. ఇంజను షెడ్డు మూలపడింది. ఇంజను జోలికి ఎవరూ పోలేదంటే మాత్రం అబద్ధమవుతుంది. ఊరికి మొదట నీళ్ళిచ్చిన యంత్రమని ఏటా దసరాకి ఆయుధపూజ చేసేవారు. ఏడాదికొక కోటింగు పచ్చరంగు వేసేవారు. ఫ్లైవీలనే పెద్ద చక్రం మీద కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు భక్తిగా ఇంజను నోట్లో పోసేవారు. ఆయిలు పోసే బెజ్జాల్లో పసుపూ కుంకుమా కూరేవారు. ఇంజను పాడవడానికి నిర్లక్ష్యం చాలు. ఇంతలా బిగుసుకుపోవాలంటే మాత్రం ఒక ఆఫీసు ఆఫీసంతా నలభై మూడేళ్ళు కొలవాలి.

సర్క్యులర్ చదివిన పేరిందేవమ్మ తిన్నగా హుస్సేనయ్య దగ్గరికి వెళ్ళింది. జోగినాథం దగ్గర ఆయిల్‌మన్‌గా పనిచేసినవాడు, ఇప్పుడు బోర్ల దగ్గర డీజిలు ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు. వచ్చి, ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగి, గోరుతో రంగు గీకి చూశాడు. ఫ్లైవీలు పట్టుకుని వేలాడాడు. అది ఉలకలేదు.

"పిస్టన్ పట్టేసింది వదినా. అంతా కొబ్బరినీళ్ళ పుణ్యం. పైన మూత విప్పి, కిరసనాయిలు పోసి మూడు వారాలు నానబెట్టాలి. తర్వాత చెక్కదిమ్మ ఆనించి కొట్టాలి."

"వస్తుందంటావా?"

"అన్న చేతి ఇంజను. రాకేం చేస్తుంది?"

ఇద్దరూ అనుమతి కోసం ఆఫీసుకు వెళ్ళారు. సూపరింటెండెంటు గున్నేశ్వరరావు మంచివాడే. ఫైలు తెరిచేముందు పాత రికార్డు చూడటం ఆయనకు అలవాటు. బీరువా అడుగు నుంచి లాగ్ బుక్కు తీసి, దులిపి, ఆఖరి పేజీ తిప్పాడు. "ఉదయం 5.10. ఇంజను స్టార్టు. అంతా సక్రమం. జోగినాథం." పక్కన "ఆపిన సమయం" అనే గడి ఖాళీగా ఉంది. పేజీ తిప్పాడు. ఖాళీ. ఆ తర్వాత పుస్తకమంతా ఖాళీ.

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. నడుస్తున్న యంత్రానికి మరమ్మతు చేయరాదని నియమం ఉందన్నాడు.

"అది ఆగిపోయి ఎన్నాళ్ళయిందో సార్. పదిమంది పట్టి తిప్పినా తిరగదు," అన్నాడు హుస్సేనయ్య.

"తిరగదని నువ్వంటున్నావు. ఆగిందని ఎవరు రాశారు?"

హుస్సేనయ్య పుస్తకంలోకి తొంగి చూశాడు. నిజంగానే ఎవరూ రాయలేదు.

పుస్తకం కమిషనర్ చిదంబరేశ్వరరావు బల్ల మీదికి వెళ్ళింది. ఆయన వారసత్వ చైతన్యం మీద మూడు రోజుల శిక్షణ పొంది అప్పుడే వచ్చి ఉన్నాడు. ఆఖరి పేజీ చూసి, కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. ఇతర పురపాలక సంఘాలు తమ యంత్రాలను ఎలా నడిపించాలా అని తలలు పట్టుకుంటుంటే, వాగొడ్డు యంత్రం అసలు ఆగనే లేదు. ఆ సాయంత్రమే నివేదిక పోయింది: "సదరు యంత్రము గత నలుబది మూడు సంవత్సరములుగా నిరంతరాయముగా, చుక్క ఇంధనమైనను వినియోగించక, పొగగాని శబ్దముగాని వెలువరించక నడుచుచున్నదని రికార్డులనుబట్టి సవినయముగా తెలియజేయడమైనది."

పైవాళ్ళు పొంగిపోయారు. రాష్ట్రంలోకెల్లా పర్యావరణానికి మేలుచేసే యంత్రమని ఒక ప్రశంసాపత్రం వచ్చింది. దాంతోపాటు, అలా నడుస్తున్న యంత్రం దగ్గర జాగ్రత్తలేవీ అని ఒక ప్రశ్న కూడా వచ్చింది. కమిషనర్ వెంటనే రంగంలోకి దిగాడు. ఫ్లైవీలు చుట్టూ ఇనుప కటకటాలు వేయించాడు. "యంత్రము నడుచుచున్నది, వదులు దుస్తులతో సమీపించరాదు" అని బోర్డు పెట్టించాడు. శబ్దం కొలిచే మనిషిని జిల్లా నుంచి పిలిపిస్తే, అతను పరికరం పెట్టి, సున్నా వచ్చిందనీ, ఇంత మర్యాదగల ఇంజనును తన సర్వీసులో చూడలేదనీ రాసిచ్చాడు. అయినా షెడ్డుకు ఆనుకుని ఉన్న ఆఫీసు సిబ్బంది చెవులకు రక్షణ కావాలని అందరికీ రబ్బరు బిరడాలు పంచారు. గున్నేశ్వరరావు నియమం తప్పని మనిషి. బిరడాలు పెట్టుకుని కూచునేసరికి ఆ వారమంతా అర్జీలు తెచ్చినవాళ్ళు గొంతు చించుకోవాల్సి వచ్చింది. బయటినుంచి వినేవాళ్ళకు, ఇంజను చప్పుడు నిజంగానే ఎక్కువగా ఉందనిపించింది. పక్కనున్న బడి పంతుళ్ళు కూడా విని, ఈ రొదలో పాఠం సాగదని విన్నవించుకుని మూడు రోజులు సెలవు సంపాదించారు.

అంతా బాగానే ఉంది. తర్వాత ఎవరికో ఇంకో అనుమానం వచ్చింది. నడుస్తున్న ఇంజనుకు డ్యూటీలో డ్రైవరు ఉండాలి కదా. పుస్తకం చూస్తే డ్రైవరు దిగినట్టు లేదు, ఇంకొకరికి అప్పగించినట్టూ లేదు. మర్నాడు పేరిందేవమ్మ ఇంటికి మెమో వచ్చింది. శ్రీ జోగినాథం గారి పేర. "విధులలో నున్న మీరు నలుబది మూడు సంవత్సరములుగా వారాంతపు సెలవు గాని, భోజన విరామము గాని వినియోగించుకొనకుండుటకు గల కారణములను మూడు దినములలో తెలియజేయవలెను."

ఆవిడ మెమో పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తింది. గున్నేశ్వరరావు చేత బిరడాలు తీయించి, "ఆయన పోబట్టే కదా బాబూ, నాకు మీరు ఉద్యోగం ఇచ్చింది," అంది.

"ఉద్యోగాలిచ్చేది ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనమ్మా. ఆయన పోయింది ఆ సెక్షన్లో. ఇంజనీరింగు సెక్షన్లో పోయినట్టు మాకు కాగితం రాలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "రెండు సెక్షన్లకీ మాటల్లేవు."

పేరిందేవమ్మ ఇంటికొచ్చి మెమో మళ్ళీ చదివింది. పదకొండుసార్లు చదివింది. మొదటి నాలుగుసార్లు ఒళ్ళు మండింది. ఐదోసారి "విధులలో నున్న మీరు" అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన పోయాడని చెప్పినవాళ్ళే గాని, ఎక్కడున్నాడో చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు ప్రభుత్వం ముద్రవేసి మరీ చెబుతోంది. రెండు వీధుల అవతల, డ్యూటీలో ఉన్నాడట. కాస్త ఆలస్యమవుతోంది, అంతే. ఆ రోజు ఆవిడ బియ్యం రెండు గుప్పిళ్ళు ఎక్కువ పోసింది. మెమోకి జవాబు కూడా తనే రాసింది: "ఆయనకు పని మీద శ్రద్ధ ఎక్కువ. ఇంటి దగ్గర కూడా ఇంతే. చిత్తగించగలరు." ఆఫీసు వారు దాన్ని సంతృప్తికరమైన సంజాయిషీగా నమోదు చేసుకున్నారు.

ఈ సంబరం పదిరోజులు సాగింది. పదకొండో రోజున, ఏప్రిల్ ముప్పయిన పరిశీలనాధికారి స్వయంగా వచ్చి యంత్రాన్ని చూస్తారని ఉత్తరం వచ్చింది. తుక్కు లారీ కూడా ఆయన వెంటే వస్తుందట. మళ్ళీ మళ్ళీ తిరగకుండా అది వాళ్ళ ఏర్పాటు.

కమిషనర్‌కి మొదటిసారి చెమట పట్టింది. రికార్డుకి రికార్డు ఉంది గాని, వచ్చే మనిషికి కళ్ళు ఉంటే ఎలా? ఇంజను నిజంగా తిరగాలి. తిరగాలంటే మరమ్మతు చేయాలి. మరమ్మతు చేయాలంటే ముందు ఆపాలి. ఆపాలంటే పుస్తకంలో డ్రైవరు రాయాలి, లేదా డ్రైవరు తరఫున ఇంటివాళ్ళు రాయాలి. పేరిందేవమ్మను పిలిపించి, కుర్చీ వేయించి, పుస్తకం ముందు పెట్టి, చారిత్రక బాధ్యత అన్న మాట మూడుసార్లు వాడి, ఆ ఖాళీ గడి పూరించమన్నాడు.

"నేను రాయను," అంది ఆవిడ.

"ఏమ్మా?"

"ఆయన డ్యూటీలో ఉన్నారని మీరే రాశారు. నా చేత్తో దింపమంటారా?"

కమిషనర్‌కి అర్థం కాలేదు. వెంట వచ్చిన హుస్సేనయ్యకు అర్థమైంది. ఆవిడను షెడ్డు వైపు నడిపించాడు. షెడ్డు మెట్ల మీద కూచున్నాక మెల్లిగా, "రాయకపోతే స్పానరు పట్టనివ్వరు వదినా. పట్టకపోతే లారీ ఎత్తుకుపోతుంది. అప్పుడు అన్న డ్యూటీ దేని మీద చేస్తాడు?" అన్నాడు.

అది నిజమే. రాస్తే ఆయన పోతాడు, రాయకపోతే ఇంజను పోతుంది. ఈసారి లారీ వెనక నిలబడి సాగనంపాలి. పేరిందేవమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఆలోచించింది. ఉన్నట్టుండి చుట్టడం ఆపేసింది.

"మరమ్మతుకి అనుమతి కావాలి సరే. ఈ ఇంజనుకి పూజ చేయడానికి ఎవరైనా ఎప్పుడైనా అనుమతి అడిగారా?"

మర్నాటి నుంచి యంత్రానికి ఇరవై ఒక్క రోజుల తైలాభిషేకం మొదలైంది. ఆఫీసు వాళ్ళు చెప్పులు విడిచి లోపలికొచ్చి దండం పెట్టుకున్నారు. కిరీటం తీసి అభిషేకం చేయాలని పేరిందేవమ్మ చెబితే హుస్సేనయ్య నాలుగు బోల్టులు విప్పి పై మూత దించాడు. రాగిచెంబుతో కిరసనాయిలు పోశారు. ఆవిడ తనకొచ్చిన నామాలన్నీ చదివింది. అయిపోతే మళ్ళీ మొదటికి వచ్చింది. పాత నిర్మాల్యం తీయాలన్నారు. హుస్సేనయ్య ఉలి పట్టుకుని రంగు పొరలు ఒలవసాగాడు. పచ్చ కింద పచ్చ, దాని కింద పచ్చ. పందొమ్మిదో పొరలో, ఎప్పుడో రిటైరైన గుమాస్తా ఒకాయన వెతికి వెతికి మానుకున్న కళ్ళజోడు బయటపడింది. తుడిచి ఇంటికి పంపిస్తే ఆయన ఇంకా ఉన్నాడు. పెట్టుకుని, అన్నీ బాగానే కనబడుతున్నాయని కబురంపాడు.

మూడో రోజున గున్నేశ్వరరావు తీర్థానికి చెయ్యి చాపాడు. పేరిందేవమ్మ చెంబు వెనక్కి లాక్కుంది. వద్దంటే అనుమానం, పోస్తే ప్రాణగండం. తీర్థం లోపలికి పుచ్చుకోకూడదు బాబూ, నెత్తిన చల్లుకోవాలి, ఇది ఉగ్రరూపం అని చెప్పి అరచెంబెడు ఆయన మాడున పోసింది. ఆయన కళ్ళకద్దుకుని వెళ్ళి సీట్లో కూచున్నాడు. ఆ రోజంతా ఆయన గదిలో ఎవరూ బీడీ వెలిగించకుండా హుస్సేనయ్య కాపలా కాశాడు.

పందొమ్మిదో రోజున చెక్కదిమ్మ ఆనించి సుత్తితో కొట్టారు. చప్పుడు వినబడకుండా పేరిందేవమ్మ గంట వాయించింది. యాభై దెబ్బలకి ఏమీ కాలేదు. అరవయ్యో దెబ్బకి లోపలెక్కడో పళ్ళు కొరికినట్టు శబ్దమై, ఫ్లైవీలు జానెడు దూరం జరిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ గంట వాయిస్తూనే ఉంది. ఆపడం మరిచిపోయింది.

ముప్పయో తేదీ వచ్చింది. పరిశీలనాధికారి వచ్చాడు. లారీ గేటు దగ్గర ఆగింది. నలుగురు హమాలీలు దిగి, నీడ చూసుకుని కూచున్నారు. అధికారి కటకటాల బయట నిలబడి ఇంజనును కాసేపు చూశాడు.

"ఇది తిరగడం లేదే."

"కంటికి కనిపించేది రికార్డు కాదు సార్," అని కమిషనర్ పుస్తకం అందించాడు.

అధికారి చదివాడు. ఆయన కూడా శిక్షణ పొందినవాడే కనక తల ఊపాడు. రికార్డు ప్రకారం నడుస్తోందని ఒప్పుకున్నాడు. కానీ సర్క్యులర్ అడిగింది నడిచే స్థితి. నడిచే స్థితి అంటే స్టార్టు కాగల స్థితి. స్టార్టు కావడం పరీక్షించాలంటే యంత్రం ఆగి ఉండాలి. అందువల్ల తక్షణమే ఆపవలసినది అన్నాడు. ఆపలేని యంత్రం ప్రమాదకరమనీ, దాన్ని ఇప్పుడే లారీ ఎక్కిస్తాననీ కూడా అన్నాడు.

అందరూ పేరిందేవమ్మ వైపు చూశారు. ఆవిడ లారీ వైపు చూసింది. తర్వాత రంగు ఒలిచాక నల్లగా, నిగనిగలాడుతున్న ఇంజను వైపు చూసింది. పుస్తకం అడిగింది. పెన్ను అడిగింది. ఒక్కొక్క అక్షరమే రాసింది. కమిషనర్ ఈరోజు తేదీ వేయమంటున్నా వినిపించుకోలేదు. రాసి పుస్తకం తిప్పి పెట్టింది.

"డ్రైవరు ఉదయం 9.20కి దిగిపోయారు. ఇంజను సాయంత్రం 6.15కి ఆగింది. ఆయిలు అయిపోయింది. ఎవరూ ఆపలేదు."

అధికారి వంగి చదివాడు. గున్నేశ్వరరావు తన చెవి బిరడా ఒకటి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"వెలిగించు మరిదీ," అంది పేరిందేవమ్మ.

హుస్సేనయ్య టాంకులో ఆయిలు పోసి, మంట చిమ్మే బ్లోలాంపు ముట్టించి ఇంజను తల కాల్చాడు. పావుగంట కాల్చాడు. తల ఎర్రబడ్డాక ఫ్లైవీలును ముందుకీ వెనక్కీ ఊపి ఒక్క తోపు తోశాడు. ఫుస్సుమంది. రెండోసారి తోశాడు. దగ్గింది. మూడోసారి కొబ్బరికాయ మాడినట్టు కమ్మని వాసనొకటి వచ్చి, పొగగొట్టంలోంచి నలభై మూడేళ్ళ పసుపూ కుంకుమా ఒక్కసారిగా ఎగజిమ్మి అధికారి తెల్లచొక్కా మీద పడి, దబ్ అంది. కొంచెం ఆగి, దబ్. తర్వాత ఆగలేదు.

కటకటాలు ఊగాయి. బోర్డు ఊడి పడింది. బల్ల మీది టీ గ్లాసులు వరసగా నడిచి అంచు దాకా వెళ్ళాయి. బడి పిల్లలు కిటికీలెక్కి లెక్కలు మానేసి దబ్ దబ్‌లు లెక్కపెట్టసాగారు. గున్నేశ్వరరావు ఎవరేమంటున్నారో వినబడక రెండు బిరడాలూ తీసేశాడు.

అధికారి మాత్రం చొక్కా దులుపుకుని, పుస్తకం చూసి, నివేదిక రాయడం మొదలుపెట్టాడు. యంత్రము ఆగియున్నది అని రాశాడు. నడుస్తోంది కదా సార్ అని కమిషనర్ ఆయన చెవిలో అరిచాడు. ఆగినట్టు ఇప్పుడే, నా ఎదుటే రాశారు కదా, స్టార్టయినట్టు ఎవరు రాశారు అని ఆయన తిరిగి అరిచాడు. డ్రైవరు రాయాలి. డ్రైవరు దిగిపోయాడు. కొత్త డ్రైవరును వేద్దామంటే ఆ పోస్టు రద్దయి నలభై రెండేళ్ళయింది. కనక ఆగి ఉన్న యంత్రాన్ని ఎత్తి లారీలో వేయమని హమాలీలకు చెయ్యి ఊపాడు.

హమాలీలు లేచొచ్చారు. నలుగురిలో ఒక్కడికీ చదువు రాదు. గిర్రున తిరుగుతున్న ఆ చక్రాన్ని చూసి, పంచెలు ఎగగట్టుకుని, అధికారి వంక జాలిగా చూసి, వెనక్కి వెళ్ళి నీడలో కూచున్నారు. కమిషనర్ నడుస్తున్న యంత్రాన్ని కదపరాదనే నియమం తీసి చూపించాడు. అధికారి ఆగిన యంత్రాన్ని ఉంచరాదనే నియమం చూపించాడు. గంటసేపు ఇద్దరూ ఒకరికొకరు వినబడకుండా వాదించుకుని, ఆఖరికి "యంత్రము నడుచుచు ఆగియున్నందున తగు స్పష్టత వచ్చువరకు యథాస్థానమున ఉంచవలెను" అని ఇద్దరూ సంతకాలు పెట్టారు. అలాంటి స్పష్టత ఇంతవరకు ఏ ఆఫీసు నుంచీ వచ్చినట్టు ఎవరూ ఎరగరు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. అది వెళుతుంటే పేరిందేవమ్మ గేటు దాకా వెళ్ళి, చెయ్యి ఊపి మరీ సాగనంపింది.

జనం పలచబడ్డారు. హుస్సేనయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయిలు కట్టేసి ఆపమంటావా అని సైగచేశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. స్టూలు లాక్కుని ఇంజను పక్కనే కూచుంది. లాగ్ బుక్కు ఒళ్ళో మూసి ఉంది. దబ్, దబ్ అని నేల, నేల మీంచి స్టూలు, స్టూలు మీంచి తను, అన్నీ కలిసి అదురుతున్నాయి.

ఎండ వాలాక ఆయిలు అయిపోయింది. చప్పుడు ఎడం ఎడంగా వచ్చి, ఒక చోట రాలేదు. చక్రం మాత్రం ఊరికే ఇంకా తిరిగింది. మెల్లగా, ఇంకా మెల్లగా. ఆవిడ చూస్తూనే ఉంది. కళ్ళు తిప్పుకోలేదు, పెరట్లోకి పోలేదు. చివరికి కొంచెం వెనక్కి ఊగి ఆగింది.

హుస్సేనయ్య ఆవిడ మొహం వంక చూడటానికి భయపడి చక్రం వంక చూస్తూ నిలబడ్డాడు.

"మరిదీ," అంది పేరిందేవమ్మ, స్టూలు మీంచి లేస్తూ. "రేపు ఇంకో రెండు లీటర్లు ఎక్కువ పొయ్యి."